నవంబరు 21 తర్వాత బోర్డు మీద ఏం రాస్తారు?

రెండు తెలుగు రాష్ట్రాల్లోని జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులకు, కార్యదర్శులకు బహిరంగ లేఖ



నవంబరు 14 దగ్గరపడుతోంది. జాతీయ గ్రంథాలయ వారోత్సవాల కోసం మీ ఆఫీసుల్లో ఈపాటికే కాగితాలు కదులుతూ ఉంటాయి. మొదటి రోజు జ్యోతి వెలిగించడం, పుస్తక ప్రదర్శన, ఆ తర్వాత బడిపిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, బొమ్మలు, పాటలు, 20న ముగింపు సభ, బహుమతులు. ఏళ్ళ తరబడి ఇదే వరస. పిల్లల కోసం చేసేదాన్ని తగ్గించమని నేను అనడం లేదు. మా వీధి పిల్లల్లో చాలామందిని గ్రంథాలయం గడప తొక్కించింది ఆ పోటీలే. కానీ ఆ వారమంతా పెద్దవాళ్ళకు రెండే చోట్లు దొరుకుతాయి. అతిథులైతే వేదిక మీద కుర్చీ, తల్లిదండ్రులైతే బ్యాగు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడడం. 21వ తేదీ పొద్దున బ్యానరు విప్పేస్తారు. మళ్ళీ ఏడాది దాకా నోటీసు బోర్డు మీద కొత్త కాగితం పడదు.

ఈ ఏడాది ఆ బోర్డు ఖాళీగా ఉండకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రతి శాఖా గ్రంథాలయంలో వారానికి ఒక పూట పెద్దవాళ్ళ కోసం కేటాయించండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరొచ్చి ఏ విషయం మాట్లాడతారో నెల మొదట్లోనే రాసి గుమ్మం దగ్గర పెట్టండి. నేను అడిగేది ఇంతే.

అడిగే హక్కు మాకుందా అంటే, ఉంది. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో మేం కట్టే ఆస్తిపన్నులో ప్రతి రూపాయి మీదా 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అయిదు వేల పన్ను కట్టే ఇల్లు మీకు నాలుగు వందలు ఇస్తోందన్నమాట. అద్దెకున్నవాళ్ళు కూడా అద్దె రూపంలో ఇస్తున్నట్టే. సెస్సు కడుతున్న వాళ్ళందరూ వయసొచ్చిన వాళ్ళు. కూరగాయల దుకాణం నడిపే ఆవిడ, ఆటో తోలే మనిషి, రిటైరైన గుమాస్తా, కుట్టుమిషను మీద బతికే అమ్మాయి. వీళ్ళకు మీ భవనంలో ఇవాళ దొరుకుతున్నదేమిటి?

పొద్దున ఎనిమిదింటికి మా శాఖ తలుపు తీస్తారు. అప్పటికే నలుగురైదుగురు పెద్దమనుషులు మెట్ల మీద ఉంటారు. పేపరు లోపలికి రాగానే విడదీసి పంచుకుంటారు. మెయిన్ ఒకరికి, జిల్లా పేజీలు ఇంకొకరికి, ఆదివారమైతే అనుబంధం మూడోవారికి. చదవడం అయ్యాక పేజీలు చేతులు మారతాయి. మాటలు మాత్రం కలవవు. ఒకరి పేరు ఒకరికి తెలియకుండానే ఏళ్ళు గడిచిపోయిన వాళ్ళున్నారు అక్కడ. తొమ్మిదయ్యేసరికి గ్రూప్స్‌కూ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షలకూ చదివే పిల్లలు వస్తారు. సొంత పుస్తకాలు, అట్టలు, నీళ్ళ సీసాలు, కొందరికి టిఫిను డబ్బాలు. వాళ్ళకి కావలసింది కుర్చీ, ఫ్యాను, నిశ్శబ్దం. హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దగ్గరికి వెళ్ళినవాళ్ళెవరికైనా ఆ పిల్లల పట్టుదల ఏమిటో తెలుస్తుంది. ఇంట్లో చదువుకునే జాగా లేని వాళ్ళకు ఆ చోటు ఇవ్వడం గ్రంథాలయం చేస్తున్న గొప్ప పనే. దాన్ని ముట్టుకోవద్దు.

అయితే ఆ గదిలో ఎవరు లేరో కూడా చూడండి. ఇల్లు చూసుకునే ఆడవాళ్ళు లేరు. కూలికెళ్ళే వాళ్ళు లేరు. దుకాణదారులు లేరు. చదవడం రానివాళ్ళు సరేసరి.

ఆడవాళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి. చాలా శాఖా గ్రంథాలయాలు పొద్దున 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు తెరిచి ఉంటాయి. మధ్యాహ్నం తాళం. పొద్దున ఎనిమిదికి ఏ ఇంట్లోనైనా ఏం జరుగుతుంది? క్యారేజీలు కట్టడం, పిల్లల్ని బడికి పంపడం, అత్తగారికి మందులు, మామగారికి కాఫీ, బట్టలు. పదకొండు దాటితేగాని ఆవిడ కూర్చోదు. భోజనాలయ్యాక ఒంటిగంటన్నర నుంచి బడి వదిలే దాకా ఉండే రెండు గంటలే ఆవిడవి. నాలుగింటికి పిల్లలు వస్తారు, పాలు, టిఫిను, ట్యూషను, రాత్రి వంట. అంటే ఆవిడకు తీరిక ఉన్న గంటల్లో మీ తలుపు మూసి ఉంటోంది, మీ తలుపు తెరిచి ఉన్న గంటల్లో ఆవిడ చేతులు ఖాళీ లేవు. ఆడవాళ్ళకు చదివే అలవాటు పోయిందనీ, సీరియళ్ళకు అలవాటు పడ్డారనీ సభల్లో మాట్లాడేవాళ్ళు ఒకసారి ఈ వేళలు చూసి మాట్లాడాలి. వారపత్రికల సీరియల్ నవలల్ని దశాబ్దాల పాటు మోసింది ఈ మధ్యాహ్నపు రెండు గంటలే. వారంలో ఒక్కరోజు, బుధవారమో గురువారమో, రెండింటి నుంచి మూడున్నర దాకా తలుపు తీయండి. ఆ పూట పనిచేసిన ఉద్యోగికి సాయంత్రం సెలవివ్వండి. మా పేటలో ఎంతమంది వస్తారో నేను చూపిస్తాను.

ఇక రెండో సంగతి. ఒక సాయంత్రం పెద్దాయన ఒకాయన చేతిలో కవరుతో వచ్చి లైబ్రేరియను బల్ల ముందు నిలబడ్డాడు. బ్యాంకు నుంచి వచ్చిన కాగితం, ఇంగ్లీషులో ఉంది. ఆయనకు తెలుగు చదవడం వచ్చు, ఇది రాదు. కొడుకు ఊళ్ళో లేడు. లైబ్రేరియను చదివి చెప్పాడు, ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు. బ్యాంకుకు వెళ్ళకుండా, మీసేవకు వెళ్ళకుండా ఆయన ఇక్కడికెందుకు వచ్చాడో నాకు అర్థమైంది. ఇక్కడ టోకెను లేదు, ఫీజు లేదు, విసుక్కునే మనిషి లేడు. అలాంటి నమ్మకం మీకు ఉచితంగా దొరికిన ఆస్తి. దాని మీద కట్టాల్సింది చాలా ఉంది.

ఉదాహరణకు ఇలా ఒక నెల బోర్డు ఊహించండి. మొదటి వారం ఒక న్యాయవాది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్ళకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో లాయరును పెడతారు. ఈ మాట తెలిసిన ఆడవాళ్ళు మా పేటలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు పట్టించుకోకపోతే మనోవర్తి కోసం ఆర్డీఓ స్థాయి ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకోవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని ఆ తర్వాత చూడకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయమనీ అడగవచ్చు. ఆస్తి రాసిచ్చి అరుగు మీద కూర్చున్న ముసలివాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ళ చెవిన ఈ మాట వేసేది ఎవరు? మండల న్యాయసేవల కమిటీలు న్యాయ విజ్ఞాన సదస్సులు ఎలాగూ పెడుతూనే ఉంటాయి, పెట్టడానికి చోటే వెతుక్కుంటాయి. మీరు పిలిస్తే చాలు. ఖర్చు లేదు.

రెండో వారం సైబరు మోసాలు. డిజిటల్ అరెస్టు అని వీడియో కాల్‌లో బెదిరించి రిటైరైన వాళ్ళ డబ్బు ఊడ్చేస్తున్న రోజులివి. అలా అరెస్టు చేసే చట్టమే లేదని, డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే బదిలీని మధ్యలోనే ఆపే అవకాశం ఉంటుందని, ఎంత త్వరగా చేస్తే అంత మేలని ఒక ఎస్సై వచ్చి అరగంట చెబితే ఒక వీధి మొత్తాన్ని కాపాడినట్టే. పేపర్లో వస్తూనే ఉంది కదా అంటారు. పేపరు చదివి భయపడడం వేరు, మన ఫోను తీసి ఏ బటను నొక్కాలో ఎదురుగా కూర్చున్న మనిషిని అడిగి తెలుసుకోవడం వేరు.

మూడో వారం పుస్తకం. ఒకే పుస్తకాన్ని నెల ముందు చెప్పి, అయిదారు ప్రతులు తిప్పి, చదివినవాళ్ళు కూర్చుని మాట్లాడుకోవడం. వక్త అక్కర్లేదు. పేపరు పేజీలు పంచుకుంటూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోని ఆ పెద్దమనుషులకు మాట్లాడుకోవడానికి ఒక సాకు దొరుకుతుంది. చదవడం రానివాళ్ళకు అదే పూట ఎవరైనా చదివి వినిపించాలి. నాలుగో వారం మీ ఊరి మనిషి: నలభై ఏళ్ళు మగ్గం మీద పనిచేసిన ఆయన, మంత్రసానిగా చేసిన ఆవిడ, చెరువు తూము కాపలా చేసిన నీరటి. వాళ్ళు చెప్పింది ఎవరైనా ఒక నోటుపుస్తకంలో రాసి ఆ శాఖలోనే దాచితే ఊరి చరిత్ర అక్కడే పోగవుతుంది.

ఇదంతా కొత్తగా అడుగుతున్నట్టు అనిపిస్తే మీ సంస్థల పుట్టుక చూడండి. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైనప్పుడు అందులో ఉన్నది పెద్దవాళ్ళే. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు చోటు లేని రోజుల్లో, ఎదిగిన మనుషులు ఒకచోట చేరి పేపరు చదవడానికీ మాట్లాడుకోవడానికీ పెట్టుకున్న నిలయం అది. దాన్ని నిలబెట్టిన వాళ్ళలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు గారు అయిదేళ్ళకే, 1906లో, విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, శాస్త్రాల పుస్తకాలు తెలుగులో వేయించారు. అవి బడిపిల్లల పాఠాలు కావు. బడి దాటి వచ్చినవాళ్ళకోసం వేసినవి. తర్వాత గస్తీ నిషాన్ 53 అనే నిజాం ఉత్తర్వు వచ్చి సభ పెట్టాలంటే సర్కారు అనుమతి తీసుకోవాల్సి వచ్చిన కాలంలో, తెలంగాణలో మనుషులు కలిసి ఆలోచించే చోటుగా గ్రంథాలయాలు ఎంత పనిచేశాయో అక్కడి పాఠకులకు నేను చెప్పక్కర్లేదు.

ఇటు చూస్తే 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మొదటి మహాసభ జరిగింది, గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు జీవితమంతా దానికే ఇచ్చారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలైంది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఇవాళ్టికీ పాత పత్రికలు వెతుక్కుంటూ పరిశోధకులు ఆ ఊరు వెళ్తారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊళ్ళకు పంపారు. ఆయన చేసిన పని గురించి మనం సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. ఆయన ఆలోచన మాత్రం పక్కన పెట్టేశాం. పొలం పని వదిలి రాలేని మనిషి దగ్గరికి పుస్తకమే వెళ్ళాలని ఆయన అనుకున్నారు. మధ్యాహ్నం రెండింటికి తలుపు తీయమని నేను అడగడం అందులో ఎంత చిన్న భాగమో చూడండి.

పెద్దవాళ్ళు సాయంత్రం పూట ఒకచోట కూర్చుని చదివితే ఏమవుతుందో మన ఉమ్మడి రాష్ట్రం ఒకసారి కళ్ళారా చూసింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం రాత్రి తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు తమ వాచకంలో సీతమ్మ కథ చదివారు. తమ ఊరి సారా దుకాణం గురించే ఆ పాఠం అనుకున్నారు. చదివినదాన్ని మాట్లాడుకున్నారు. మాట్లాడుకుని లేచి వెళ్ళి దుకాణం మూయించారు. 1992 నాటికి ఆ మాట జిల్లా అంతా పాకింది, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్ళను ముందుండి నడిపిన దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలుసు. ఆ పేరు వెనక ఉన్న లాంతరు దీపం, చాప, పలకలు, సాయంత్రం ఒక గంట తీరిక, ఇవి గుర్తుపెట్టుకోవాల్సినవి. అంతకంటే ఎక్కువ సామగ్రి మీ ప్రతి శాఖలోనూ ఉంది.

దక్షిణాదిలోని ఇతర రాష్ట్రాల్లో ఈ పని నడుస్తూనే ఉంది. కేరళ గ్రంథశాలల్లో ఆడవాళ్ళకు వనితా వేది, వృద్ధులకు వయోజన వేది ఉన్నాయి. గ్రంథశాలకు గ్రేడు వేసేటప్పుడు పుస్తకాల సంఖ్యతో పాటు అది నడిపే కార్యక్రమాలనూ చూస్తారు. చెన్నై అన్నా శతజయంతి గ్రంథాలయంలో శనివారం సాయంత్రాల్లో ‘పొన్మాలై పొళుదు’ పేరుతో రచయితలు, శాస్త్రవేత్తలు, కళాకారులు వచ్చి మాట్లాడతారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చిన అమ్మానాన్నలు మా పేటలోనూ ఉన్నారు. అక్కడ ఊరి లైబ్రరీలో నెల క్యాలెండరు చేతికిస్తారనీ, ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతారనీ, కుట్లు అల్లికలకు కూడా ఒక బల్ల వేస్తారనీ చెప్పి మురిసిపోతారు. ఆర్నెల్లు అక్కడ రోజూ లైబ్రరీకి నడిచి వెళ్ళిన మనిషి, తిరిగొచ్చాక తన సొంత వీధి చివరి గ్రంథాలయంలోకి అడుగు పెట్టడం లేదు. ఎందుకంటే ఇక్కడ తనకోసం ఏమీ జరగదని ఆయనకు తెలుసు.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. లైబ్రేరియను పోస్టులు ఖాళీ. ఒక్కరే రెండు మూడు శాఖలు చూసుకుంటున్నారు. సెస్సు వసూలు చేసిన మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు దాన్ని మీకు జమ చేయకుండా ఏళ్ళ తరబడి బకాయి పెడుతున్నాయి. జనం గ్రంథాలయం పేరు మీద కట్టిన డబ్బు అది. దాన్ని ఇంకో పద్దుకు వాడుకునే అధికారం ఎవరికీ లేదు. ఆ బకాయి ఎంతో మీరు మీ జిల్లాలో బోర్డు మీద రాసి పెట్టండి. అడగడానికి మేం కూడా వస్తాం. కానీ మీకు ఇవాళ వెనక ఎవరున్నారు? ఆస్తిపన్ను కట్టే మనిషికి గ్రంథాలయంతో పనే పడకపోతే, ఆ సెస్సు ఎటు పోయిందని అతను ఎందుకు అడుగుతాడు? పెద్దవాళ్ళ కార్యక్రమాలు పెట్టడం ఈ బకాయి పోరాటానికి కూడా దారి.

ఉద్యోగార్థుల నిశ్శబ్దం పాడవుతుందని కొందరు లైబ్రేరియన్లు భయపడతారు. న్యాయమైన భయమే. వరండాలో పెట్టండి, డాబా మీద పెట్టండి, లేదా వారంలో గంటన్నర మాత్రం హాల్లో పెట్టి ముందే చెప్పండి. ముందే తెలిస్తే ఆ పిల్లలు సర్దుకుంటారు. వాళ్ళలో కొందరు వెనక కుర్చీల్లో కూర్చుని వింటారు కూడా, చట్టాలూ రాజ్యాంగమూ వాళ్ళ సిలబస్సే కదా.

నిర్వహణ విషయంలో నాలుగు మాటలు, చాలా సభలకు వెళ్ళిన అనుభవంతో చెబుతున్నాను. వేదిక వద్దు, అందరూ ఒకే ఎత్తున కూర్చోవాలి. శాలువాలు, పూలదండలు, అతిథుల పరిచయాలు వద్దు. ఆరింటికి అన్నది ఆరింటికే మొదలవ్వాలి. మాట్లాడేవారు నలభై నిమిషాలు దాటకూడదు. అడిగేవాళ్ళకు అంతకంటే ఎక్కువ సమయం ఉండాలి. రాజకీయ పార్టీల ప్రచారం, మందుల కంపెనీల, ఇన్సూరెన్సు ఏజెంట్ల అమ్మకాలు గుమ్మం దాటి లోపలికి రానివ్వద్దు. ముఖ్యంగా ఇది: ఆ రోజు విషయానికి సంబంధించిన పుస్తకాలు పదో పదిహేనో ఒక బల్ల మీద పరిచి ఉంచండి. పక్కనే సభ్యత్వం రిజిస్టరు. విన్న మనిషి వెళ్తూ వెళ్తూ ఒక పుస్తకం పట్టుకెళ్ళాలి. ఆ సాయంత్రం ఎన్ని పుస్తకాలు బయటికెళ్ళాయో రాసుకోండి. ఎంతమంది వచ్చారన్న లెక్క, ఫొటోలు, పేపరు వార్త, ఇవన్నీ తర్వాత.

మొదట్లో ఎవరూ రాకపోవచ్చు. ఏడుగురో ఎనిమిదిమందో వస్తారు. ఆపేయకండి. వారం వారం అదే రోజు, అదే వేళ జరుగుతోందన్న భరోసా కుదరడానికి కొన్ని నెలలు పడుతుంది. మీ సమీక్షా సమావేశాల్లో మొదటి నెల హాజరు చూసి ఈ శాఖకు అక్కర్లేదని ఎవరైనా రాస్తే, ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

ఈ నవంబరు 20న ముగింపు సభలో పిల్లలకు బహుమతులు ఇచ్చాక, మైకు పక్కన పెట్టేముందు డిసెంబరు కార్యక్రమాల పట్టిక చదవండి. జిల్లాకు రెండు శాఖలతో మొదలుపెట్టినా సరే. ఒకటి పట్నంలో, ఒకటి పల్లెలో. పట్నంలో సాయంత్రం ఆరింటికి, పల్లెలో మధ్యాహ్నం రెండింటికి. మాట్లాడడానికి మనుషులు దొరకలేదంటే మీ పాఠకుల్ని అడగండి, రిటైరైన పంతుళ్ళు, నర్సులు, వ్యవసాయాధికారులు ప్రతి పేటలోనూ ఉన్నారు, పిలిచేవాళ్ళు లేక ఇళ్ళల్లో కూర్చున్నారు. మా శాఖలో కుర్చీలు వేయడానికి, చదవడం రానివాళ్ళకు చదివి వినిపించడానికి మా వీధి ఆడవాళ్ళం కొందరం సిద్ధంగా ఉన్నాం. మధ్యాహ్నం తాళం ఎవరి దగ్గర ఉంటుందో చెప్పండి, వచ్చి తీసుకుంటాం.

ఇట్లు,
ఒక శాఖా గ్రంథాలయ సభ్యురాలు